వాయిస్ ప్యాకెట్లను రూటర్ ఎలా గుర్తుపట్టాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఐపీ ఫోన్లు (కంప్యూటర్ నెట్‌వర్కు మీదుగా మాటను పంపేవి) నడిచే నెట్‌వర్కులను చూసుకోవడం నా పని. వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: "నెట్ బాగానే ఉంది, మాట మాత్రం తెగిపోతోంది." వెతుక్కుంటూ వెళితే చాలాసార్లు తప్పు ఒకే చోట దొరుకుతుంది. వాయిస్ ప్యాకెట్‌ను రూటర్ గుర్తుపట్టి ఉండదు, లేదా మరేదో ప్యాకెట్‌ను వాయిస్ అనుకుని ఉంటుంది. అందుకే ఇక్కడ క్యూల రకాల కన్నా గుర్తింపు గురించే ఎక్కువగా రాశాను. సెట్టింగుల పేర్లు ఒక్కో కంపెనీ రూటర్లో ఒక్కోలా ఉంటాయి. లెక్కలు మాత్రం అన్నిటికీ ఒకటే.

లైను వేగం చాలినంత ఉంది. అయినా మాట ఎందుకు తెగుతుంది?

ఎంబీపీఎస్ అన్నది సెకనుకు వేసిన లెక్క. మాటకు సెకను చాలా పెద్ద కాలం. ఐపీ ఫోను మన గొంతును సాధారణంగా 20 మిల్లీసెకన్ల తునకలుగా కోసి, ఒక్కో తునకను ఒక్కో ప్యాకెట్‌లో పెట్టి పంపుతుంది. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. అవతలి ఫోను వాటిని అదే వరసలో, అదే లయలో వినిపించాలి. ఆలస్యంగా చేరిన ప్యాకెట్ చేరనట్టే లెక్క. ఫైలు డౌన్‌లోడ్‌లో లాగా పోయినదాన్ని మళ్లీ అడిగి తెప్పించుకునే వ్యవధి సంభాషణలో ఉండదు.

రూటర్ నుంచి బయటికి వెళ్లే దారి 10 ఎంబీపీఎస్ అనుకోండి. ఎవరో ఒక పెద్ద ఈమెయిల్ పంపారు. 1500 బైట్ల ప్యాకెట్లు 30 ఒక్క ఉదుటున వచ్చి క్యూలో నిలబడ్డాయి. ఒక్కొక్కటి బయటపడటానికి 1.2 మిల్లీసెకన్లు పడుతుంది. వాటి వెనక చేరిన వాయిస్ ప్యాకెట్ 36 మిల్లీసెకన్లు ఆగాలి. తరువాతి వాయిస్ ప్యాకెట్ వచ్చేసరికి క్యూ ఖాళీ అయితే అది ఆగకుండా వెళ్లిపోతుంది. ఇలా ఒకటి ఆగి, ఒకటి ఆగకుండా చేరడాన్నే జిట్టర్ అంటారు. ఫోనులో ఉండే జిట్టర్ బఫర్ కొన్ని పదుల మిల్లీసెకన్ల వరకు దీన్ని సర్దుతుంది. అది దాటితే అక్షరాలు రాలిపోతాయి. "రేపు ఉదయం రండి" అన్న మాట "రే... దయం... డి" అని వినబడుతుంది. ఐదు నిమిషాల సగటు చూపించే గ్రాఫులో ఆ సమయానికి లైను వాడకం 30 శాతమే కనిపించవచ్చు. గ్రాఫు తప్పు చెప్పడం లేదు. 36 మిల్లీసెకన్లు అందులో కనబడవు, అంతే.

ఎంత ఆలస్యం వరకు పరవాలేదు?

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం జీ.114 ప్రకారం ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే చాలా సంభాషణలకు ఇబ్బంది ఉండదు. 400 దాటకుండా నెట్‌వర్కును రూపొందించుకోవాలి. దీనితో పాటు జిట్టర్ 30 మిల్లీసెకన్లలోపు, ప్యాకెట్ల నష్టం ఒక శాతంలోపు ఉండాలన్నది నెట్‌వర్క్ ఇంజినీర్లు పాటించే లెక్క.

ఈ 150లో మన చేతిలో ఉండేది కొంతే. హైదరాబాద్ నుంచి డాలస్‌కు భూగోళం మీద అతి దగ్గరి దారి కొలిచినా 14 వేల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి 70 మిల్లీసెకన్లు దూరానికే పోతాయి. సముద్రపు కేబుళ్లు అంత తిన్నగా వెళ్లవు కనుక నిజంగా పోయేది ఇంకా ఎక్కువ. గొంతును అంకెలుగా మార్చే కోడెక్, జిట్టర్ బఫర్ తమ వాటా తీసుకుంటాయి. డాలస్‌లో ఉన్న కొడుకుతో తల్లి మాట్లాడే కాల్‌లో మన రూటర్ క్యూ 36 మిల్లీసెకన్లు మింగడం చిన్న విషయం కాదు.

వర్గీకరణ, మార్కింగ్, క్యూయింగ్ ఒకటేనా?

మూడూ వేరు. వచ్చిన ప్యాకెట్ ఏ కోవకు చెందిందో తేల్చడం వర్గీకరణ. తేల్చిన సంగతిని ప్యాకెట్ హెడర్‌లో (చిరునామాలు ఉండే ముందు భాగంలో) రాసిపెట్టడం మార్కింగ్. ఆ రాతను చూసి ఎవరిని ముందు పంపాలో అమలు చేయడం క్యూయింగ్. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి వెళ్లేవారి టికెట్టును ప్రవేశం దగ్గర పరిశీలించి ఆ వరసలోకి పంపుతారు. లోపల ప్రతి మలుపు దగ్గరా మీరెవరు, టికెట్టు ఎలా వచ్చిందని మొదటి నుంచి విచారించరు. నెట్‌వర్కులోనూ అంతే. విచారణ అంచున ఒకసారి జరగాలి. మధ్యలో ఉన్న రూటర్లు గుర్తు చదివి పని చేసుకుపోవాలి.

ఇంకొక మాట. గుర్తు వేసినంత మాత్రాన ప్యాకెట్ ఒక్క మైక్రోసెకను కూడా ముందుకు జరగదు. గుర్తును చూసి ప్రాధాన్యం ఇచ్చే క్యూ దారిలోని ఏ రూటర్లోనూ లేకపోతే ఆ గుర్తు వట్టి రాతే.

రూటర్ వాయిస్ ప్యాకెట్‌ను ఏ ఆనవాళ్లతో పట్టుకుంటుంది?

నాలుగు దారులున్నాయి. నాకు నచ్చే వరసలో చెబుతాను.

మొదటిది, ప్యాకెట్ మీద ముందే ఉన్న గుర్తు. మంచి ఐపీ ఫోను తన వాయిస్ ప్యాకెట్ల మీద తానే డీఎస్‌సీపీ అనే ప్రాధాన్య గుర్తు 46 వేసి పంపుతుంది. రూటర్ దాన్ని చదివితే చాలు. పని తేలిక, పొరపాట్లు తక్కువ. చిక్కల్లా ఆ గుర్తును నమ్మవచ్చా అన్నదే. దానికి కింద వేరే ప్రశ్న ఉంది.

రెండోది, ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి వెళ్తోంది అన్నది. ఫోన్లన్నీ వేరే వాయిస్ వీల్యాన్‌లో (అవే స్విచ్‌ల మీద విడగొట్టిన నెట్‌వర్కులో) ఉంటే ఆ సబ్‌నెట్ (చిరునామాల గుంపు) నుంచి వచ్చేదంతా ఫోన్లదే. ఆఫీసు కాల్స్‌ను కలిపే పీబీఎక్స్ సర్వర్ చిరునామా కూడా మంచి ఆనవాలే.

మూడోది పోర్టు నంబర్లు. వాయిస్‌ను మోసే ప్రొటోకాల్ పేరు ఆర్‌టీపీ. అది యూడీపీ (పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపని రవాణా పద్ధతి) మీద నడుస్తుంది. ఆస్టరిస్క్ అనే పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో సాధారణంగా 10000 నుంచి 20000 వరకు, సిస్కో పరికరాల్లో 16384 నుంచి 32767 వరకు ఉన్న పోర్టులను వాడుతుంది. ఇవి చాలా వెడల్పయిన శ్రేణులు. పోర్టు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆటలు, టొరెంట్ల యూడీపీ ప్యాకెట్లు కూడా వాయిస్ వరసలో చొరబడతాయి. అందుకే పోర్టు నియమం రాసేటప్పుడు పక్కనే పీబీఎక్స్ చిరునామా కూడా చేర్చండి. రెండూ కలిస్తేనే వాయిస్ అని రాయండి.

నాలుగోది, ప్యాకెట్ లోపలికి తొంగిచూడటం. సిస్కోలో ఎన్‌బార్ అనే సదుపాయం చేసేది ఇదే. ఆర్‌టీపీ హెడర్‌లో ఏ కోడెక్ అన్నది ఒక సంఖ్యగా ఉంటుంది. 0, 8 అయితే జీ.711లోని రెండు రకాలు, 18 అయితే జీ.729. ఓపస్ లాంటి కొత్త కోడెక్‌లకు స్థిరమైన సంఖ్య లేదు, 96 నుంచి 127 లోపల కాల్ మొదట్లో కుదుర్చుకుంటాయి. ఈ పద్ధతి తెలివైనదే కానీ రూటర్ ప్రాసెసర్ మీద భారం పడుతుంది. మిగతా మూడు దారులూ మూసుకుపోయినప్పుడే దీని దగ్గరికి వెళ్తాను.

46 అంటారు, 184 అంటారు, ఈఎఫ్ అంటారు. ఏది సరి?

మూడూ ఒకటే, రాసే చోటు వేరు. ఈ తేడా తెలియక ఒక ఆసుపత్రిలో రెండు వారాలు పోయాయి. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఐపీ హెడర్‌లో రెండో బైటు దీనికోసమే ఉంది. 1981 నాటి ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 791లో దాని పేరు టైప్ ఆఫ్ సర్వీస్, పొట్టిగా టీఓఎస్. 1998లో ఆర్ఎఫ్‌సీ 2474 అదే బైటుకు కొత్త అర్థం ఇచ్చింది. ఎడమ నుంచి ఆరు బిట్లు డీఎస్‌సీపీ అయ్యాయి. మిగిలిన రెండు బిట్లను 2001లో రద్దీ హెచ్చరిక కోసం ఈసీఎన్‌కు కేటాయించారు. వాయిస్‌కు వాడే ఈఎఫ్ అనే తరగతిని 2002 నాటి ఆర్ఎఫ్‌సీ 3246 నిర్వచిస్తుంది. దాని విలువ ఆరు బిట్లలో 101110, అంటే 46. అదే బైటు మొత్తాన్ని ఎనిమిది బిట్లుగా చదివితే 10111000, అంటే 184. హెక్సాలో బీ8.

ఆ ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ కౌంటర్ దగ్గర 6 ఫోన్లు. ఉదయం 10 దాటితే రోగుల మాట కౌంటర్లో ఉన్నవారికి బాగానే వినబడేది, వీళ్ల మాట మాత్రం రోగులకు తెగిపోయేది. వాళ్లు పేరు, వయసు, డాక్టరు పేరు మూడేసి సార్లు అడిగించుకుంటున్నారు. రూటర్లో వాయిస్ తరగతి ఉంది, ఈఎఫ్ కోసం నియమం ఉంది, ప్రాధాన్య క్యూ ఉంది. ఆ నియమానికి తగిలిన ప్యాకెట్లను రూటర్ లెక్కపెట్టే సంఖ్య మాత్రం సున్నా దగ్గరే ఆగిపోయింది. ఒక ఫోను తీగను ల్యాప్‌టాప్ మీదుగా తిప్పి ప్యాకెట్ పట్టుకుని చూస్తే డీఎస్‌సీపీ 11 అని ఉంది. ఫోను వెబ్ పేజీలో "టీఓఎస్" అన్న పెట్టెలో ఎవరో 46 రాశారు. 46ను ఎనిమిది బిట్లలో రాస్తే 00101110. ఎడమవైపు ఆరు బిట్లు 001011, అంటే 11. మిగిలిన 10 ఈసీఎన్ బిట్లలోకి పోయింది. 11 అన్న గుర్తుకు రూటర్లో ఏ నియమమూ లేదు, కాబట్టి వాయిస్ అంతా స్కానింగ్ చిత్రాలు పంపే ట్రాఫిక్‌తో కలిసి మామూలు క్యూలో నిలబడింది. 6 ఫోన్లలో 184 రాసి, ఒక్కొక్కటీ మళ్లీ ఆన్ చేశాం.

పెట్టె మీద డీఎస్‌సీపీ అని ఉంటే 46, టీఓఎస్ అని ఉంటే 184. పెట్టె మీది పేరునూ పూర్తిగా నమ్మకండి, ప్యాకెట్ పట్టుకుని చూడండి.

ఎవరి గుర్తును నమ్మాలి?

మీరు నిర్వహించే పరికరం గుర్తును మాత్రమే. 46 వేయడం ఏ ప్రోగ్రాముకైనా సాధ్యమే. ఎవరి కంప్యూటర్లోనైనా ఒక డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్ తన ప్యాకెట్లన్నిటికీ 46 వేసుకుంటే, గుడ్డిగా నమ్మే రూటర్ వాటన్నిటినీ వాయిస్ వరసలోకి తోస్తుంది. అప్పుడు దెబ్బతినేది నిజమైన వాయిసే.

ఆఫీసు బల్ల మీద మామూలుగా కనిపించే అమరిక ఇది: గోడలోని పోర్టు నుంచి తీగ ఫోనుకు, ఫోను వెనక పోర్టు నుంచి ఇంకో తీగ కంప్యూటర్‌కు. ఒకే స్విచ్ పోర్టు మీద ఇద్దరు. ఫోను ప్యాకెట్లు వాయిస్ వీల్యాన్ ట్యాగుతో వస్తాయి. ఆ ట్యాగులో మూడు బిట్ల ప్రాధాన్య విలువ ఉంటుంది, వాయిస్‌కు 5 వాడటం ఆనవాయితీ. కంప్యూటర్ ప్యాకెట్లు ట్యాగు లేకుండా వస్తాయి. అందుకని స్విచ్ దగ్గరే ఫోను గుర్తును ఉంచండి, కంప్యూటర్ నుంచి వచ్చినదాన్ని సున్నా చేయండి. నమ్మకపు హద్దు అంటే ఇదే. అది మూలానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

పాత సిస్కో క్యాటలిస్ట్ 2960, 3750 స్విచ్‌లు ఇంకా చాలా చోట్ల ఉన్నాయి. వాటిలో క్యూఓఎస్ (ఈ ప్రాధాన్యాల ఏర్పాటు) ఆన్ చేయగానే అన్ని పోర్టులూ నమ్మకం లేనివిగా మారి, వచ్చిన గుర్తులన్నిటినీ సున్నా చేస్తాయి. "క్యూఓఎస్ ఆన్ చేశాక ఇంకా పాడైంది" అని ఎవరైనా అంటే మొదట ఇది చూడండి. పోర్టు వారీగా నమ్మకం విడిగా ఇవ్వాలి. కొత్త 9000 వరస స్విచ్‌ల స్వభావం దీనికి తలకిందులు. అవి మొదటి నుంచీ వచ్చిన గుర్తును ఉంచేస్తాయి, అక్కర్లేనిదాన్ని మనమే తుడవాలి.

ఒక కాల్‌కు ఎంత బ్యాండ్‌విడ్త్ లెక్క వేయాలి?

జీ.711 కోడెక్ 64 కేబీపీఎస్ అని చదివి అంతే కేటాయిస్తారు. అది చాలదు. 20 మిల్లీసెకన్ల మాటకు 160 బైట్లు. దాని మీద ఐపీ హెడర్ 20, యూడీపీ 8, ఆర్‌టీపీ 12. మొత్తం 200 బైట్లు, సెకనుకు 50 సార్లు. అంటే 80 కేబీపీఎస్. ఈథర్‌నెట్ 18 బైట్లు కలిపితే 87.2. జీ.729 అయితే మాట 20 బైట్లే, హెడర్లు 40! ఐపీ స్థాయిలో 24, ఈథర్‌నెట్‌తో 31.2 కేబీపీఎస్. ఇవన్నీ ఒక్కో దిశకు.

అయితే ముఖ్యమైనవన్నీ వాయిస్ వరసలోనే పెట్టేస్తే?

పెట్టకండి. ప్రాధాన్య క్యూ వేగంగా ఉండేది అందులో జనం తక్కువ కాబట్టే. అది మిగతా అందరినీ ఆపి ముందు వెళ్తుంది కనుక రూటర్లు దానికి ఒక పరిమితి పెడతాయి. మొత్తం లైనులో మూడో వంతు, అంటే 33 శాతం దాటనివ్వవద్దన్నది సిస్కో చాలాకాలంగా ఇస్తున్న సలహా. నేను అదే పాటిస్తాను.

పరిమితి దాటితే ఏమవుతుందో ఒక లెక్కలో చూడండి. 2 ఎంబీపీఎస్ లైను, 33 శాతం అంటే 660 కేబీపీఎస్. జీ.711 కాల్స్ 8 ఉంటే 640, సరిపోయింది. తొమ్మిదో కాల్ వచ్చింది, 720 అయింది. లైను నిండి ఉన్న సమయంలో అదనపు 60 కేబీపీఎస్‌ను రూటర్ పారేస్తుంది. ఏ కాల్ చివర వచ్చిందో దానికి తెలియదు. ప్రతి 12 ప్యాకెట్లలో ఒకటి పోతుంది, అదీ తొమ్మిది కాల్స్‌లోనూ. ఒక్కరు అదనంగా ఫోను ఎత్తినందుకు తొమ్మిది మంది మాట పాడవుతుంది. కాబట్టి ఒకేసారి ఎన్ని కాల్స్ అన్నది పీబీఎక్స్‌లోనే కట్టడి చేయాలి. తొమ్మిదో వ్యక్తికి ఎంగేజ్ టోన్ రావడం, తొమ్మిది మందికీ ముక్కలు వినబడటం కన్నా చాలా మేలు.

వీడియో కాల్‌లోని బొమ్మను కూడా ఈ వరసలోకి రానివ్వకండి. దానికి ఏఎఫ్41, అంటే 34 గుర్తు ఇచ్చి వేరే క్యూలో కనీస వాటా కేటాయించండి.

సిగ్నలింగ్‌ను ఎక్కడ పెట్టాలి?

ఫోను మోగించడం, ఎత్తినట్టు తెలపడం, పెట్టేయడం, అంటే సిగ్నలింగ్, ఎస్ఐపీ అనే ప్రొటోకాల్ పని. పోర్టు 5060, రహస్య రాతగా మార్చే టీఎల్ఎస్ మీద అయితే 5061. దీనికి ప్రాధాన్య క్యూ అక్కర్లేదు, కొద్దిపాటి హామీ బ్యాండ్‌విడ్త్ చాలు. గుర్తు విషయంలో రెండు సంప్రదాయాలున్నాయి: సిస్కో సీఎస్3, అంటే 24 వాడుతుంది, 2006 నాటి ఆర్ఎఫ్‌సీ 4594 సీఎస్5, అంటే 40 అంటుంది. ఏదో ఒకటి ఎంచుకుని అన్ని పరికరాల్లోనూ అదే పెట్టండి. ఫిర్యాదు వినగానే తేడా తెలుసుకోవచ్చు. మాట తెగితే ఆర్‌టీపీ చూడాలి, నంబరు నొక్కాక మోగడం ఆలస్యమైతే సిగ్నలింగ్ చూడాలి.

వీపీఎన్ మీదుగా వెళ్లే కాల్స్ సంగతి?

ఇక్కడ చాలామంది తడబడతారు. వీపీఎన్ అంటే ప్యాకెట్లను ఎన్‌క్రిప్ట్ చేసి (రహస్య రాతగా మార్చి) పంపే టన్నెల్. అందులో వెళ్లే ప్యాకెట్ లోపలి పోర్టులు, చిరునామాలు బయటికి కనబడవు. బయటి ఇంటర్‌ఫేస్ దగ్గర పోర్టును బట్టి వర్గీకరించాలని చూస్తే అన్నీ ఒకే మూటలా ఉంటాయి. ఐపీసెక్ అనే వీపీఎన్ పద్ధతి మాత్రం లోపలి డీఎస్‌సీపీ గుర్తును బయటి హెడర్ మీదికి కూడా రాస్తుంది. కాబట్టి ఎన్‌క్రిప్షన్‌కు ముందే గుర్తు వేసి ఉంటే బయట ఆ గుర్తును చూసి క్యూ చేయవచ్చు. వైర్‌గార్డ్ అనే మరో పద్ధతి అలా చేయదు, లోపలి డీఎస్‌సీపీని బయటికి మోసుకురాదు. దాని విషయంలో వాయిస్‌కు విడిగా ఒక టన్నెల్ పెట్టి, ఆ టన్నెల్ పోర్టును బట్టి వర్గీకరించడం ఒక ఉపాయం.

ఐపీసెక్‌లో ఇంకో చిక్కు ఉంది. ఎన్‌క్రిప్ట్ అయ్యాక ప్రాధాన్య క్యూ ప్యాకెట్ల వరస మారుస్తుంది. అవతలి రూటర్ పాత ప్యాకెట్లు మళ్లీ పంపే దాడిని అడ్డుకోవడానికి వరస సంఖ్యలు చూస్తుంది, దాని కిటికీ (ఎంత వెనకటి సంఖ్య వరకు ఒప్పుకుంటుందన్న హద్దు) చాలా చోట్ల 64 ప్యాకెట్లే. వెనకబడిన మామూలు డేటా ప్యాకెట్లు ఆ కిటికీ దాటిపోతే పారేస్తుంది. వాయిస్ బాగుపడి ఫైళ్లు నత్తనడక నడుస్తుంటే ఆ కిటికీని పెంచండి.

వాయిస్‌ను మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేసే ఎస్‌ఆర్‌టీపీతో ఈ బాధ లేదు. దాని ఆర్‌టీపీ హెడర్ తెరిచే ఉంటుంది, మాట మాత్రమే మూసి ఉంటుంది.

తీగ ఫోన్లు బాగున్నాయి, వైఫై ఫోన్లు బాగాలేవు. గుర్తు 46 సరిగ్గానే ఉంది కదా?

ఉంది, కానీ వైఫై దాన్ని వేరేగా చదువుతుంది. వైఫైలో నాలుగు వరసలున్నాయి: వాయిస్, వీడియో, మామూలు, నేపథ్యం. 0 నుంచి 7 వరకు ఉన్న ప్రాధాన్య సంఖ్యల్లో 6, 7 వాయిస్‌కు వెళ్తాయి, 4, 5 వీడియోకు వెళ్తాయి. చాలా పరికరాలు డీఎస్‌సీపీలోని పై మూడు బిట్లను అలాగే తీసుకుంటాయి. 101110లో పై మూడు 101, అంటే 5. మీ వాయిస్ వీడియో వరసలో పడింది! 2018 నాటి ఆర్ఎఫ్‌సీ 8325 ఈ చిక్కును ప్రస్తావించి ఈఎఫ్‌ను 6కు జతచేయమని చెబుతుంది. యాక్సెస్ పాయింట్ సెట్టింగుల్లో ఆ పట్టిక ఉంటే సరిచేయండి.

ఫోన్లు లేవు, అందరూ కంప్యూటర్ మీద మైక్రోసాఫ్ట్ టీమ్స్ వాడతారు. అప్పుడు?

కంప్యూటర్ గుర్తును నమ్మవద్దన్నాను కదా, ఇక్కడ కొంత సడలింపు కావాలి. టీమ్స్‌లో సెట్టింగు ఆన్ చేస్తే ఆడియోకు 50000 నుంచి 50019 వరకు, వీడియోకు 50020 నుంచి 50039 వరకు మూల పోర్టులు వాడుతుంది. విండోస్ గ్రూప్ పాలసీలో ప్రోగ్రాము పేరు, ఆ పోర్టులు రెండూ కలిపి 46 వేయమని రాయవచ్చు. స్విచ్ దగ్గర కూడా అవే 20 పోర్టులను బట్టి మళ్లీ తేల్చుకోండి. శ్రేణి ఇరుకు కాబట్టి చొరబాట్లు తక్కువ.

సర్వీస్ ప్రొవైడర్ మన గుర్తును ఉంచుతాడా?

మామూలు ఇంటర్నెట్ లైను మీద ఆశపెట్టుకోవద్దు. చాలామంది సున్నా చేస్తారు, లేదా పట్టించుకోరు. శాఖల మధ్య ఎంపీఎల్ఎస్ లైను (ప్రొవైడర్ సొంత నెట్‌వర్కు మీద ఇచ్చే ప్రైవేటు దారి) కొనుక్కుంటే ఏ గుర్తుకు ఏ తరగతి అన్నది ఒప్పందంలో రాయించుకోండి.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. మీరు కొన్నది 20 ఎంబీపీఎస్, ప్రొవైడర్ ఇచ్చిన తీగ మాత్రం 100 ఎంబీపీఎస్ పోర్టు. మీ రూటర్ దృష్టిలో దారి 100, అది ఎప్పుడూ నిండదు, కాబట్టి దాని ప్రాధాన్య క్యూ ఎప్పుడూ పని మొదలుపెట్టదు. అదనపు ప్యాకెట్లను పారేసేది అవతల ప్రొవైడర్ పెట్టె, దానికి మీ గుర్తులతో పనిలేదు. వర్గీకరణ అంతా సరిగ్గా చేసి ఇక్కడ ఓడిపోయినవాళ్లను ఎందరినో చూశాను. మీ రూటర్లోనే వేగాన్ని 19 ఎంబీపీఎస్‌కు షేప్ చేసి, అంటే అంతకు మించకుండా కట్టడి చేసి, ఆ షేపర్ లోపల ప్రాధాన్య క్యూ పెట్టండి. క్యూ మీ ఇంట్లో ఏర్పడితేనే దాని మీద మీ మాట చెల్లుతుంది.

ఇంట్లో రూటర్‌కు ఇవన్నీ అవసరమా?

ఇన్ని అవసరం లేదు. అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ ఉన్న లైనులో రూటర్ బఫర్ 1 మెగాబైటు ఉంటే, అది నిండినప్పుడు వెనక చేరిన ప్యాకెట్ 1.6 సెకన్లు ఆగాలి. ఫోటోలు క్లౌడ్‌కు ఎక్కుతున్నప్పుడు వాట్సాప్ కాల్ పాడయ్యేది ఇందుకే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్న రూటర్లో కేక్ అనే క్యూ పద్ధతి పెట్టి, వేగాన్ని అసలు వేగం కన్నా కాస్త తక్కువగా ఇవ్వండి. అది ఒక్కో ప్రవాహానికి ఒక్కో వరస ఇస్తుంది కాబట్టి, సన్నగా పారే వాయిస్ ఏ గుర్తూ లేకుండానే ముందుకు వెళ్తుంది. గుర్తులు కూడా ఉంటే ఈఎఫ్‌ను తన వాయిస్ అరలో వేసుకుంటుంది.

మొబైల్ సిగ్నల్ అందక వైఫై కాలింగ్ వాడేవారికి: ఆ కాల్ ఐపీసెక్ టన్నెల్లో, యూడీపీ 500, 4500 పోర్టుల మీద వెళ్తుంది. మీ రూటర్లో పోర్టును బట్టి ప్రాధాన్యం ఇచ్చే వీలుంటే 4500 ఇవ్వండి.

మామూలు మొబైల్ కాల్‌కు ఇలాంటిది ఉందా?

ఉంది. 4జీ మీద మాట్లాడే వీఓఎల్‌టీఈలో మాటకు ప్రత్యేకమైన బేరర్ (విడిగా కేటాయించిన దారి) ఉంటుంది. దాని తరగతి క్యూసీఐ 1, సిగ్నలింగ్‌కు క్యూసీఐ 5. అది ఆపరేటర్ నెట్‌వర్క్ లోపల జరిగే ఏర్పాటు, మన రూటర్ చేయి పడదు.

అంతా పెట్టాను. పనిచేస్తోందని ఎలా తెలుసుకోవాలి?

లెక్కపెట్టండి. రాత్రి ఆఫీసు ఖాళీ అయ్యాక రూటర్లో వాయిస్ తరగతి కౌంటర్‌ను సున్నా చేసి, ఒక్క ఫోను నుంచి బయటి నంబరుకు సరిగ్గా ఒక నిమిషం కాల్ చేయండి. సెకనుకు 50 చొప్పున 3000 ప్యాకెట్లు పెరగాలి. 3000కు దగ్గరగా ఉంటే గుర్తింపు సరిగ్గా ఉంది. సున్నా ఉంటే నియమం తగలడం లేదు. 9000 ఉంటే వాయిస్ కానిదేదో లోపలికి వస్తోంది. 1500 దగ్గర ఆగితే మాట్లాడనప్పుడు ప్యాకెట్లు పంపని అమరిక ఫోనులో ఉందేమో చూడండి. ఫోను లేకుండా పరీక్షించాలంటే లినక్స్‌లో పింగ్ ఆదేశానికి -Q ఐచ్ఛికంతో 184 ఇచ్చి పంపవచ్చు, అక్కడ ఇవ్వవలసింది బైటు విలువ, 46 కాదు.

తరువాత పగలు, లైను నిండి ఉన్నప్పుడు, అదే కాల్ మళ్లీ చేయండి. పెద్ద ఫైలు ఒకటి అప్‌లోడ్‌లో పెట్టి, వాయిస్ తరగతిలో పారేసిన ప్యాకెట్ల సంఖ్య చూడండి. అది సున్నా ఉండాలి, మామూలు తరగతిలో మాత్రం పెరుగుతూ ఉండాలి. రెండిట్లోనూ సున్నా అంటే మీ రూటర్లో రద్దీయే ఏర్పడలేదు, షేపర్ సంగతి మళ్లీ చూడండి.

మీ మాట అవతలివారికి స్పష్టంగా ఉండి, వాళ్ల మాట మీకు తెగుతుంటే మీ రూటర్ బయటికి పంపే వైపు బాగుంది. అప్పుడు ఇదే 3000 లెక్కను అవతలి శాఖ రూటర్లో, అక్కడ కూర్చున్నవారి చేత వేయించండి.